పటాన్‌చెరు గిడ్డంగిలో మన గింజ

రాబోయే కాలపు సైన్సు అనగానే మన పిల్లల కళ్ళ ముందు రాకెట్లు, రోబోలు కదులుతాయి. అవన్నీ ఎక్కడో దూరదేశాల్లో పుడతాయనీ, అందరూ వాడుకున్నాక చివరికి మన గూడేనికి చేరతాయనీ అనుకుంటారు. మేము అడవి జిల్లాల నుంచి వచ్చి సంగారెడ్డి జిల్లాలో పాఠాలు చెప్పుకుంటున్న ఆదివాసీ ఉపాధ్యాయులం. మేం రోజూ బస్సులో దాటే పటాన్‌చెరులోనే ఆ సైన్సు తయారవుతోంది. అందులో ఒక పెద్ద పనికి మూలం మన కొండల్లో మొలిచే ఒక పొద. ఈ సంగతి మన యువతకూ, వారికి చదువు చెప్పే టీచర్లకూ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ ఏర్పడింది. వానమీద ఆధారపడే మెట్ట పంటలపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగితో పాటు కొర్ర, సామ, అరిక, ఊద, వరిగల విత్తనాలు కూడా దాని జన్యు బ్యాంకులో ఉన్నాయి. 144 దేశాల నుంచి తెచ్చిన 1,20,000కు పైగా నమూనాలు. కొన్నేళ్ళు వాడుకలో ఉండేవాటిని 4 డిగ్రీల చలిలో, చాలాకాలం దాచాల్సినవాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచుతారు. మన అవ్వలు బూడిద కలిపి, వేపాకు వేసి, గుమ్ముల్లో దాచిందీ ఇందుకే. అయితే ఒక తేడా ఉంది. అవ్వ దాచిన గింజ ఏటా మట్టిలో పడి ఆ ఏటి ఎండకూ వానకూ అలవాటు పడుతుంది. బ్యాంకులో గింజ నిద్రపోతుంది. ఊళ్ళో గింజ పోయినప్పుడు ఈ నిద్రపోయే గింజే ఆదుకుంటుంది. సొమాలియా, ఇథియోపియా, కెన్యాల జొన్న విత్తనాలను ఆ దేశాలకు తిరిగి పంపగలిగింది ఈ బ్యాంకు ఉండబట్టే. కాబట్టి మనకు రెండూ కావాలి.

ఇక కంది సంగతి. మనం కొత్తలు పెట్టుకుని గానీ నోట పెట్టని పంటల్లో కంది ఒకటి. దాని పుట్టిల్లు మన దేశమే. దాని అడవి పూర్వీకురాలు, శాస్త్రవేత్తలు కజానస్ కజానిఫోలియస్ అని పిలిచే పొద, బస్తర్, ఒడిశా కొండల్లో, తూర్పు కనుమల్లో ఈనాటికీ మొలుస్తుంది. మేకల కాపరులు తప్ప దాన్ని పట్టించుకునేవారు తక్కువ.

ఆ పొద అవసరం ల్యాబ్‌కు ఎందుకు వచ్చింది? కంది పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. రెండు రకాలను కలిపి హైబ్రిడ్ విత్తనం తీయాలంటే పుప్పొడి లేని తల్లి మొక్క కావాలి. వేల ఎకరాల్లో పువ్వు పువ్వునా పుప్పొడి గిల్లడం మనిషి వల్ల అయ్యే పని కాదు. డాక్టర్ కె.బి. సక్సేనా బృందం ఈ అడవి కందిని తల్లిగా, సాగు కందిని తండ్రిగా పెట్టి సంకరం చేసింది. పుప్పొడి లేని మొక్కలు వచ్చాయి. ఆ గుణం తల్లి వైపు నుంచే పిల్లలకు వస్తుంది. దాని ఆధారంగా ఐసీపీహెచ్ 2671 అనే హైబ్రిడ్ కంది 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. 2015లో తెలంగాణకు ఐసీపీహెచ్ 2740 వచ్చింది. దానికి పెట్టిన పేరు మన్నెంకొండ కంది. పేరులో మన్నెం ఉంది. రక్తంలో అడవి ఉంది. మరి లెక్కలో మన్నెం మనుషులు ఉన్నారా?

సైన్సు అక్కడితో ఆగలేదు. 2011లో కంది జన్యుపటాన్ని విప్పి 48,680 జన్యువులు ఉన్నాయని తేల్చారు. ఏ జన్యువు ఏ తెగులును ఆపుతుందో, ఏది ఎండను ఓర్చుతుందో వెతకడానికి దారి దొరికింది. తర్వాత స్పీడ్ బ్రీడింగ్ వచ్చింది. వెలుతురు, వేడి, తేమ అన్నీ గదిలోనే అదుపు చేసి ఏడాదికి నాలుగు తరాల కందిని తీస్తున్నారు. కొత్త రకానికి పదిహేనేళ్ళ దాకా పట్టే పని సుమారు అయిదేళ్ళకు దిగింది. ఈ పద్ధతిలో వచ్చిన ఐసీపీవీ 25444 అనే కందిని 2025లో ప్రకటించారు. అది 45 డిగ్రీల ఎండను తట్టుకుని 125 రోజుల్లో కోతకు వస్తుంది. ఎండాకాలంలో కంది పండించడం అంటే మన పెద్దలు నవ్వి ఉండేవారు. ఇప్పుడు అది జరిగే పని.

ఇక్కడ యువత ఒక తేడా పట్టుకోవాలి. హైబ్రిడ్ గింజను దాచి మళ్ళీ వేస్తే పంట ఒకేలా రాదు, ఏటా కొనాలి. రకం అయితే దాచుకుని వేసుకోవచ్చు. కొత్త విత్తనం సంచి చేతికి రాగానే దిగుబడి ఎంత అని ఒక్కటే అడగొద్దు. ఇది హైబ్రిడ్డా, రకమా అని కూడా అడగాలి.

దీనికి చట్టం బలం ఉంది. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001లో వచ్చింది. దాని 39వ సెక్షన్ ప్రకారం రైతు విత్తనాన్ని దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. 40వ సెక్షన్ మరీ ముఖ్యం. గిరిజన, గ్రామీణ కుటుంబాలు కాపాడిన జన్యు సంపదను వాడి కొత్త రకం తయారుచేస్తే, రిజిస్ట్రేషన్ దరఖాస్తులో ఆ విషయం చెప్పి తీరాలి. 41వ సెక్షన్ కింద ఒక ఊరి ప్రజలు ఈ రకం రూపుదిద్దుకోవడంలో మా పాత్ర ఉందని హక్కు అడగవచ్చు. రైతులకు ఫీజు లేదు. కానీ ఋజువు కావాలి. మన విత్తన చరిత్ర పాటల్లో, పండుగల్లో, అవ్వల జ్ఞాపకంలో ఉంది, కాగితం మీద లేదు. జన్యు బ్యాంకులో ప్రతి నమూనాకూ పాస్‌పోర్టు వివరాలు ఉంటాయి: ఏ ఊరు, ఏ తేదీ, స్థానిక పేరేమిటి అని. ఆ గింజను తరతరాలుగా ఏరి దాచిన కుటుంబం పేరు మాత్రం అలాంటి పట్టికల్లో కనిపించడం అరుదు.

అందుకే మా బడిలో విత్తన పుస్తకం మొదలుపెట్టాం. సెలవులకు ఇంటికి వెళ్ళిన ప్రతి పిల్లా పిల్లాడూ గుప్పెడు గింజలు తేవాలి. వాటి పేరు సొంత భాషలో రాయాలి, అది గోండీ అయినా, కోయ అయినా, లంబాడీ అయినా. ఎవరు దాచారు, ఎన్నేళ్ళుగా, ఏ నేలలో, ఏ పండుగకు తింటారు అనేది రాయాలి. అయిదో తరగతి పాప ఒకతె మూడు రకాల చిక్కుడు గింజలు తెచ్చి, "సార్, మా నానమ్మ పేరు కూడా రాయాలా?" అని అడిగింది. ముందు ఆమె పేరే రాయమన్నాం.

ఇదే పారిశ్రామిక వాడలో సైన్సుకు ఇంకో ముఖం ఉంది. ప్రపంచానికి మందులు ఇక్కడ తయారవుతాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని ప్రచురించారు. ఆ మందు మింగిన మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో బతికిన సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా పోతాయి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారం పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో చాలామంది బీహార్, ఒడిశా, జార్ఖండ్ వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారే. మన గూడేల నుంచి వచ్చే యువకులు కూడా ఎక్కువగా ఆ గేటు దగ్గరే నిలబడతారు. కూలి తక్కువ పని అని మేం అనడం లేదు. ఆ ఒక్క గేటే మనకు తెరిచి ఉండటం అన్యాయం అంటున్నాం.

మిగతా గేట్లు కూడా దగ్గరే ఉన్నాయి. పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి రెండేళ్ళ వ్యవసాయ డిప్లొమా చదవవచ్చు. సంగారెడ్డి పక్కన కంది అనే ఊళ్ళోనే ఐఐటీ హైదరాబాద్ ఉంది. డ్రైవర్ లేని వాహనాలను, డ్రోన్లను పరీక్షించే క్షేత్రం 2022లో అక్కడ ప్రారంభమైంది. ఎస్టీ పిల్లలకు అక్కడ 7.5 శాతం సీట్లున్నాయి. పుస్తకం చదవని జ్ఞానానికి కూడా ఈ జిల్లాలో గౌరవం దక్కింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దళిత మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలు కాపాడుతున్నాయి. 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నాయి. వారి పనికి 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వాళ్ళు చేసింది మనం చేయలేమా?

తోటి ఉపాధ్యాయులారా, జన్యువుల పాఠం చెప్పేటప్పుడు మెండెల్ బఠాణీతో పాటు మన అడవి కందినీ చెప్పండి. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు గుమ్మిలో ఏముందో అవ్వను అడిగి రాసుకోండి. అవ్వ ఉన్నప్పుడే అడగాలి. ఆ కాగితం రేపు చట్టం ముందు మనకు ఋజువు, ల్యాబ్‌లో అడుగుపెట్టే మన బిడ్డకు మొదటి పాఠం.