వాకిట్లో నిలిచిన నీళ్ళు

వాకిట్లో పేవర్ రాళ్ళు వేయించాలి, మంచి మేస్త్రీని చెప్పండని పోయిన వారం ఇద్దరు అడిగినారు. మేస్త్రీ సంగతి తరువాత. ముందు మేము పడిన పాట్లు వినండి.

ఆర్.ఎస్. పురంలో మాది పాత ఇల్లు. ఇంటి గోడకూ కాంపౌండ్ గోడకూ నడుమ 12 అడుగులు, గేటు నుంచి పెరటి దాకా 40 అడుగులు, అంతా మట్టి వాకిలి. అమ్మ అక్కడే కళ్ళాపి చల్లి ముగ్గు వేసేది. కారుకు బురద అంటుతోందని ఆ మట్టి మీద రాళ్ళు పరిపించినాం. చూడ్డానికి అద్దంలా ఉండాలని, సందుల్లో ఇసుక వద్దు, సిమెంటు పాలు పోయమన్నది కూడా మేమే. మేస్త్రీని అని లాభం లేదు.

అక్టోబరులో ఐప్పసి వాన మొదలైంది. తొలి రాత్రే నీళ్ళు గడప దాకా వచ్చి నిలిచినాయి. వీధి మా వాకిలి కన్నా ఎత్తు, కాబట్టి గేటు వైపు పోవు. సందులు మూసేసినాం, కాబట్టి కిందికీ దిగవు. చీపుర్లతో తోసి తోసి అలసిపోయి, తెల్లవారి ఒక తెలివైన పని చేసినాం. కాంపౌండ్ గోడ అడుగున రెండు ఇటుకలు తీసేసినాం. గంటలో వాకిలి ఆరిపోయింది. కాఫీ తాగి, ఇంత సులువా అనుకున్నాం.

పక్కింటి అత్త ఒంటరి మనిషి. మర్నాడు వానలో గొడుగు పట్టుకొని గేటు దగ్గర నిలబడి, “మీ ఇంటి నీళ్ళు మా వంటింటికి వచ్చినాయి. మీరెప్పుడొస్తారు?” అని అడిగింది. కోపం లేదు, అరుపు లేదు. పోయి చూస్తే బియ్యం మూట అడుగు తడిసి ఉంది. నలభై ఏళ్ళుగా ఆ ఇంటికీ మా ఇంటికీ చారు గిన్నెలు తిరుగుతున్నాయి. ఆ పూట అత్త మొహం చూడలేకపోయినాం. సాయంత్రానికి ఇటుకలు మళ్ళీ పెట్టేసినాం, బియ్యం కొత్తవి తెచ్చిచ్చినాం. తీసుకుంది కానీ మాట తగ్గించింది.

అప్పుడు కూర్చుని లెక్క వేసినాం. 5 సెంటీమీటర్ల వాన కురిస్తే 480 చదరపు అడుగుల వాకిట్లో సుమారు 2,200 లీటర్లు పడతాయి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీదివి మరో 4,600. అన్నీ కలిపితే ఒక ట్యాంకర్ లారీ! ఇన్నాళ్ళూ ఇవి ఎక్కడికి పోయేవని మేము తలలు పట్టుకుంటే, అమ్మ మంచం మీద నుంచే, “మీ నాన్న తవ్వించిన గుంత ఏం చేసినారప్పా?” అంది.

2003లో తమిళనాడు అంతటా ఇంటింటికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసినారు గదా. అప్పుడు నాన్న కొబ్బరిచెట్టు పక్కన సిమెంటు ఒరలు దింపి గుంత తీయించినారు. దాని మూత మీదే మేము రాళ్ళు పరిపించినాం. నాన్న పోయి ఆరేళ్ళు, మాలో ఒక్కరికీ అది గుర్తుకు రాలేదు.

కొత్త మేస్త్రీ వచ్చి మొదట సన్న ప్లాస్టిక్ ట్యూబులో నీళ్ళు నింపి మట్టం చూసినాడు. వాకిలి నడుమ అంగుళంన్నర పల్లం, వాలు ఇంటి వైపే. రాళ్ళన్నీ లేపి, ఇంటి గోడ నుంచి కాంపౌండ్ గోడకు నాలుగడుగులకు ఒక అంగుళం చొప్పున, మొత్తం మూడంగుళాల వాలు పెట్టినాడు. కింద జల్లి దిమ్మిస కొట్టి, పైన ఇసుక. సందుల్లోనూ ఇసుకే. కాంపౌండ్ గోడ వెంట జాలీ మూతల కాలువ, మట్టి ఆగేందుకు చిన్న తొట్టి, ఆ తరువాత నాన్న గుంత. అందులో అర బండెడు బురద తీసినారు. 3 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు ఉన్నా ఖాళీగా ఉన్నప్పుడు పట్టేది 1,600 లీటర్లే. అందుకని పొంగినవి వీధి వానకాలువలోకి పోయేటట్టు పైపు వేయించినాం. కాలువ అడుగు రోడ్డు కన్నా బాగా కిందికి ఉంది, అది కలిసొచ్చింది. మురుగు చేంబరులో కలిపేద్దామని కూలీ ఒకడు అన్నాడు. దానికి మాత్రం ఒప్పుకోకండి. గట్టి వానకు మురుగంతా వెనక్కి తన్ని ఎవరో ఒకరింటి స్నానాల గదిలో తేలుతుంది.

మన ఊరి చెరువులే చూడండి. నొయ్యల్ నీళ్ళు పట్టే ముత్తణ్ణన్ కుళం, సెల్వచింతామణి, ఉక్కడం పెద్దచెరువు అన్నీ ఒక వరస. ఒకటి నిండితే మిగులు పక్కదానికి పోవాలి, దానికి దారి ముందే ఉండాలి. మేము దారి చూడకుండా గోడకు కన్నం పెట్టినాం.

ఖర్చు మొదటిసారి కన్నా ఎక్కువే అయింది, అంకె రాస్తే ఇంట్లో మళ్ళీ గొడవ. గడప ముందు నాలుగడుగులు రాళ్ళు వేయకుండా మట్టిగానే వదిలినాం, ధనుర్మాసానికి అమ్మ ముగ్గు కోసం. ఆమె వంగలేదు, కుర్చీలో కూర్చుని చెబితే మనవరాలు వేస్తుంది.

నవంబరు చివర్లో రాత్రంతా గట్టి వాన. తెల్లవారుజామున టార్చి పట్టుకొని ముందు చూసింది మా వాకిలి కాదు, గోడ అవతల అత్త వంటింటి మెట్టు. పొడిగా ఉంది. అత్త కిటికీ లోంచి చూసి, “దొంగలేమో అనుకున్నా, మీరేనా” అంది. మధ్యాహ్నం చారు గిన్నె వచ్చింది.

గేటు దగ్గర అరచేయంత నీళ్ళు ఇంకా నిలుస్తున్నాయి. మట్టం చూసే ట్యూబు మా వరండాలో వేలాడుతోంది, కావలసినవాళ్ళు తీసుకుపోండి. మేస్త్రీ నంబరు విడిగా పంపుతాం.