తపస్సు ఫలించిందా?

బిలాస్‌పూర్‌లో మా నాన్నగారి ట్రంకు పెట్టెలో అట్ట ఊడిన ప్రేమ నవల ఒకటి దొరికింది. కథ 1952 నాటిది. పొట్టి శ్రీరాములు గారి తపస్సు ఫలించి ఆంధ్ర రాష్ట్రమూ వస్తుంది, నాయికా నాయకుల పెళ్ళీ అవుతుంది.

తపస్సేమిటండీ! అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి, 58 రోజులు పస్తుండి, డిసెంబరు 15 రాత్రి మద్రాసులో ఆ మనిషి చనిపోయాడు. ఆపైన అల్లర్లు, కాల్పులు, మరిన్ని చావులు. అప్పుడు గానీ, డిసెంబరు 19న, నెహ్రూ నోరు విప్పలేదు. అదీ మద్రాసు నగరం లేకుండా. శ్రీరాములు గారు అడిగింది మద్రాసుతో కలిపి! 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. వరమైతే అందులో కోత ఎందుకుంటుంది?

నాన్నగారితో ఇదే వాదించాను. "2000లో ఛత్తీస్‌గఢ్ ఎవరి తపస్సుతో వచ్చింది?" అని కూడా అన్నాను (ఇక్కడివాళ్ళు దశాబ్దాలు అడిగారు, ఆ మాట అనాల్సింది కాదు).

ఆయన కోప్పడలేదు. "ఆఖరి పేజీ చదివావా?" అన్నారు.

చదివాను. కొత్త దంపతులు ఆంధ్ర రాష్ట్రంలో కాపురం పెట్టారు. మద్రాసులో.

"తప్పని నాకూ తెలుసురా," అన్నారు, మద్రాసులో పుట్టిన మా నాన్న. "ఆ పేజీ కోసమే దాచుకున్నా."