లింగంపేట దాటాక

సైకిలుకు మళ్ళీ మంచి రోజులు వచ్చాయి. మా చిన్నతనంలో సైకిలంటే పాలవాడిది, పోస్టుమానుది, బడిపంతులుది. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే దాన్ని గోడకు ఆనించి మోటారుసైకిలెక్కిన పెద్దమనుషులే, ఇప్పుడు డాక్టరు చెప్పాడనో, పొట్ట ముందుకు వచ్చిందనో, మళ్ళీ సైకిళ్ళు కొని తెల్లవారకముందే రోడ్డెక్కుతున్నారు. కామారెడ్డిలో అలాంటివారు తక్కువేమీ లేరు. అందులో నేనూ ఒకణ్ణి. అయితే నేను చెప్పబోయేది నా సంగతి కాదు, మా చెల్లెలి సంగతి.

నాదీ, మా చెల్లెలిదీ కామారెడ్డిలోనే కాపురం. అమ్మ మాత్రం ఎల్లారెడ్డిలో పాత యింట్లో వుంటుంది. రమ్మంటే రాదు. 2016 దాకా యీ రెండు ఊళ్ళూ నిజామాబాదు జిల్లాలో వుండేవి. ఆ ఏడు దసరాకు కామారెడ్డే జిల్లా అయింది. కచేరీలన్నీ దగ్గరికి వచ్చాయి గాని అమ్మ వున్నచోటే వుంది. మధ్య దూరం నలభై కిలోమీటర్లకు కొంచెం అటూ యిటూ. ఆదివారం పూట నేను సైకిలు మీద వెళ్ళి అమ్మను చూసి రావడం అలవాటు చేసుకున్నాక, మా చెల్లెలు కూడా తన కూతురు కాలేజీకి వెళుతూ వదిలేసిన సైకిలు దులిపి బయటకు తీసింది.

"బస్సుండగా యీ యాతనెందుకు? పైగా ఆడవాళ్ళకు టికెట్టు కూడా లేదాయె" అన్నారు మా బావగారు. నిజమే, 2023 డిసెంబరు నుంచీ ఆ సౌకర్యం వుంది. కాని మా చెల్లెలి లెక్క వేరు. "బస్సయితే బస్టాండు దాకా ఎవరన్న దింపాలె అన్నా. దేనికి పోతున్నవు, ఎప్పుడొస్తవు అని నలుగురడుగుతరు. సైకిలయితే నేనే పోత, నేనే వస్త" అంది. నలభై ఆరేళ్ళ మనిషి అంత చిన్న కోరిక కోరితే కాదనడానికి నాకు నోరు రాలేదు.

మొదటి ఆదివారం తాడ్వాయి దాకా ఆమే ముందు. దారికి అటూ యిటూ వరి, మక్క, అక్కడక్కడ చెరకు. లింగంపేటలో నాగన్న బావి మెట్లు చూద్దామా అంటే, వచ్చేటప్పుడు చూద్దాం లెమ్మంది. లింగంపేట దాటాక మాటలు తగ్గాయి. తరువాత వేగం తగ్గింది. నేను వెనక్కి తిరిగి "బాగున్నవా?" అంటే, "ప్రతిదానికీ వెనుకకు తిరిగి చూడకు" అని కసిరింది. మా చెల్లెలు నన్ను కసిరిన మనిషి కాదు. మరి కాస్సేపటికి సైకిలు పాములా వంకరలు పోవడం మొదలుపెట్టింది. దిగి ఒక కల్వర్టు గోడ మీద కూర్చుంది. చేతులు వణుకుతున్నాయి, మొగాన చల్లని చెమట. కళ్ళ వెంట నీళ్ళు.

"ఎందుకేడుస్తున్నవే?"

"నాకేం తెల్వదన్నా. కాళ్ళు నావి కావనిపిస్తున్నయి."

ఆ రోజు సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళాం. పై ఆదివారం అదే చోట అదే కథ. మూడో ఆదివారం ఆటో మాట్లాడి సైకిలు పైన కట్టించవలసి వచ్చింది.

ఇక వాళ్ళింట్లో వైద్యానికి కొదవ లేదు. రక్తం తక్కువన్నారు ఒకరు. వయసన్నారు ఒకరు. దిష్టన్నారు మరొకరు, మిరపకాయలూ ఉప్పూ తీశారు కూడా. రక్తపరీక్ష చేయిస్తే లోపమేమీ లేదని తేలింది. "అన్నయ్య తొక్కగా లేనిది, ఆమెకేం? మగవాళ్ళ ఒళ్ళు వేరు, ఆడవాళ్ళ ఒళ్ళు వేరు" అని చివరికి అందరూ ఒక తీర్మానానికి వచ్చారు. సైకిలు కొంటానని వెనకవీధి ఆయన ఒకాయన వచ్చి టైర్లు నొక్కి చూసి కూడా వెళ్ళాడు. మా చెల్లెలు ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నన్ను బాధించింది.

ఆటో దిగిన రోజున అమ్మ యీ సంగతులేవీ వినలేదు. కూతురి మొగం చూసి, "ఏం తిని బయలెల్లినవ్ బిడ్డా?" అని మాత్రం అడిగింది. జవాబు కోసం ఆగకుండా బెల్లం ముక్క చేతిలో పెట్టింది. ఆ వెనుక మజ్జిగ పోసిన అన్నం. పావుగంట గడిచిందో లేదో మా చెల్లెలు అమ్మతో నవ్వుతూ కబుర్లాడుతోంది. రక్తం, వయసు, దిష్టి యింత త్వరగా కుదురుతాయా?

ఆమె శనివారం రాత్రి తినేది అందరూ తిన్నాక, పదిన్నరకు, గిన్నెలో మిగిలింది. ఆదివారం నాలుగింటికి లేచి మధ్యాహ్నానికి కూర, పప్పు, పిల్లవాడికీ మొగుడికీ టిఫిను. అత్తగారి పూజ కాకముందు ఆ యింట్లో ఎవరూ నోట్లో ఏమీ వేసుకోరు. ఎవరూ అంటే కోడలు. కనుక ఆరింటికి సైకిలెక్కేసరికి ఆమె కడుపులో వున్నది ఒక కప్పు చాయ. నా సంగతి చూడండి: రెండు జొన్నరొట్టెలు, పచ్చడి, ఒక అరటిపండు. దారి ఒకటే, ఎండ ఒకటే, ఎదురుగాలి ఒకటే.

ఇది ఒక్క లింగంపేట రోడ్డుకే పట్టిన వింత కాదు. 1924లో బోస్టను నగరంలో ఏటేటా జరిగే ఇరవై ఆరు మైళ్ళ పరుగుపందెంలో కొందరు వైద్యులు పందెగాళ్ళ రక్తం పరీక్షించారు. చివరికి పాలిపోయి, తూలుతూ, మాట తడబడుతూ వచ్చినవారి రక్తంలో చక్కెర బాగా పడిపోయి వుంది. మరుసటి ఏడు పిండిపదార్థాలు బాగా తినిపించి, పరుగు మధ్యలో మిఠాయి బిళ్ళలు యిస్తే వారు నిబ్బరంగా గమ్యం చేరారు. వంద సంవత్సరాల కింద తేలిన విషయం!

మన ఒంట్లో కొవ్వుకు లోటు లేదు, సన్నగా వున్నవారికి కూడా అది చాలా రోజులకు సరిపడా వుంటుంది. అయితే అది గాదెలో వడ్ల వంటిది. వడ్లు దంచాలి, చెరగాలి. ఎసరు మరుగుతూ వుంటే అంత తొందరగా అందవు. అప్పటికప్పుడు అందేది డబ్బాలో వున్న బియ్యం. ఆ బియ్యమే కండరాల్లోనూ కాలేయంలోనూ దాగివున్న చక్కెర నిలవ. కండరాల్లో ఉజ్జాయింపున నాలుగు వందల గ్రాములు, కాలేయంలో వంద గ్రాములు, అదీ తిన్న మనిషికి. కండరం తన నిలవ తానే వాడుకుంటుంది, ఎవరికీ పెట్టదు. మెదడుకు పెట్టేది కాలేయమే. రాత్రంతా నిద్రలో ఆ వంద గ్రాముల్లో చాలా భాగం ఖర్చయిపోతుంది. పొద్దున నింపకుండా మూడు గంటలు సైకిలు తొక్కితే మొదట మెదడు గోల పెడుతుంది. వణుకు, చిరాకు, కారణం లేని ఏడుపు, అన్నీ దాని కేకలే. నన్ను కసిరింది మా చెల్లెలు కాదన్నమాట!

ఇంకో ముచ్చట చెప్పాలి. స్వీడను దేశంలో బెర్గ్‌స్ట్రోమ్, హుల్ట్‌మన్ అని యిద్దరు వైద్యులు కదలకుండా బిగించిన ఒకే సైకిలుకు చెరో పక్కన కూర్చుని, చెరో కాలితో అలసిపోయేదాకా తొక్కారు. తరువాత తమ తొడల్లోంచే సూదితో కండ తీసి చూసుకున్నారు. తొక్కిన కాల్లో నిలవ ఖాళీ, తొక్కని కాల్లో నిలవ భద్రం. ఆ పైన మూడు రోజులు పిండిపదార్థాలు బాగా తింటే, తొక్కిన కాల్లో నిలవ తొక్కనిదాని కంటె రెట్టింపయింది. ఈ సంగతి 1966లో అచ్చయింది. అది చదివినప్పుడు నాకు నేనూ మా చెల్లెలూ గుర్తుకొచ్చాం. ఒకే రోడ్డు, రెండు కాళ్ళు, ఒకటి తిన్నది, ఒకటి తిననిది.

మా బావగారు గుమాస్తా ఉద్యోగం చేసినవారు. లెక్క వుంటేగాని ఏదీ నమ్మరు. కాగితం మీద వేసి చూపించాను. గంటకు నాలుగు వందల క్యాలరీల చొప్పున మూడు గంటలకు పన్నెండు వందలు ఖర్చు. జమ ఒక చాయ, వందకు లోపే. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "అయితే తినమనండి, ఎవరు వద్దన్నారు?" అన్నారు.

నిజంగానే ఎవరూ వద్దనలేదు. చిక్కంతా అక్కడే వుంది. వద్దన్నవారుంటే పోట్లాడవచ్చు. తిను అన్నవారు లేకపోతే ఎవరితో పోట్లాడాలి? చద్దన్నం తిన్నమ్మ మొగుడి ఆకలి ఎరగదని సామెత వుండనే వుంది. తినని అమ్మను గురించి సామెత చెప్పాలని మన పెద్దలకు తోచలేదు.

మా చెల్లెలు పోట్లాడలేదు. శనివారం రాత్రే ఒక గిన్నెలో పెరుగన్నం కలిపి మూతపెట్టి, తెల్లవారుజామున వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి తిన్నది. పూజకు పూలు కోసుకుని వచ్చిన అత్తగారు గుమ్మంలోంచి చూసింది. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. మా చెల్లెలికి ఆ ముద్ద గొంతు దిగలేదట. పై ఆదివారమూ అదే జరిగింది. ఈసారి అత్తగారు పూలసజ్జ కింద పెట్టి, "నిలబడి తింటే ఒంటికి పట్టదు, కూసోని తిను" అని పీట జరిపింది.

ఇప్పుడు ఆమె దగ్గర చిన్న సంచి వుంటుంది. తాడ్వాయి దగ్గర అరటిపండు. లింగంపేటలో పల్లిపట్టీ, లేదా బెల్లంతో అటుకులు. గంటకు ముప్పై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం అందితే దూరప్రయాణం సాగుతుందని శాస్త్రం. బెల్లానికి పేరుపడిన కామారెడ్డిలో వుండి దానికి ఖరీదైన పొట్లాలు కొననవసరం లేదని నా ఉద్దేశం. చక్కెరవ్యాధికి మందులు వాడేవారు మాత్రం నా మాట పట్టుకోక, ముందు తమ డాక్టరును అడగాలి; వారికి శ్రమతో చక్కెర మరీ పడిపోయే ప్రమాదం వుంది.

ఈ కథంతా మా ఆవిడకు చెబితే చీర మడతపెడుతూ వింది. "మీ చెల్లెలికి సైకిలుంది కనుక బయటపడ్డది. సైకిలు లేనోళ్ళు వంటింట్లోనే లింగంపేట దాటుతున్నరు, ఎవరు చూసిన్రు?" అంది. నేను నాగన్న బావి మాటెత్తి సంగతి మార్చాను.

ఆ బావి మెట్లు చివరికి పోయిన నెల చూశాం, అంతా దిగి, మళ్ళీ అంతా ఎక్కి. మా చెల్లెలు ఇప్పుడు ఎల్లారెడ్డి నుంచి నిజాంసాగరు దాకా వెళదామంటోంది. సైకిలు కొంటానన్న వెనకవీధి ఆయన మొన్న మళ్ళీ కబురు పెట్టాడు. మా బావగారు "ఆమెనే అడగండి" అన్నారు. ఆమె ధర చెప్పింది. కొత్త సైకిలు ధర కంటె వెయ్యి రూపాయలు ఎక్కువ.