రెండేండ్ల కళాశాలలు - గ్రాంటులు

అమెరికాదేశమందు కమ్యూనిటీ కళాశాలలను నొక తెగ విద్యాలయములు కలవు. ఇంటిపట్టున నుండియే పోయివచ్చుచు రెండేండ్లలో ముగించుకొనదగిన చదువు లచట చెప్పుదురు. రుసుము స్వల్పము, వయసు మీఱినవారును చేరవచ్చును. ఇల్లినాయ్ రాష్ట్రమున 1901వ సంవత్సరమున వెలసిన జోలియట్ కళాశాల, నేటికిని నడచుచున్న యట్టి ప్రభుత్వ కళాశాలలలో మిక్కిలి ప్రాచీనమైనది.

మా వదినగారి కుమార్తె భర్తతో నాదేశమేగి, బిడ్డ బడికి పోవు ప్రాయము వచ్చిన పిమ్మట అట్టి కళాశాలయందు జీవసాంకేతికశాస్త్రమున చేరితినని వ్రాసెను. వదినగారు భోజనము మానినంత పని చేసిరి. బి.ఏ. ప్యాసయిన పిల్ల రెండేండ్ల చదువునకు దిగుటయా యని వారి దుఃఖము. నాకట్లు తోపలేదు. బడిముఖ మెఱుగక నాయనగారియొద్ద అమరమును, రఘువంశమును చదివికొన్నదానను. ప్రయోగశాలలో నిలుచుట యెంతటి భాగ్యమో నాకు తెలియును.

అచట సూక్ష్మదర్శినులు, సెంట్రిఫ్యూజులు దినదినము విద్యార్థుల చేతులలోనే యుండునట. ఇంత సామగ్రి అంత స్వల్పరుసుము గైకొను కళాశాలకెట్లు చేకూరెనని యడిగితిని. “గ్రాంటు, అత్తయ్యా” అని ప్రత్యుత్తరము వచ్చినది.

1992వ సంవత్సరమున నాదేశపు కాంగ్రెసు సభ యొక చట్టము చేసి, ఇట్టి కళాశాలలయందు సాంకేతికవిద్యను బాగుచేయు భారమును నేషనల్ సైన్సు ఫౌండేషనున కొప్పగించెను. ఈ ధనము ముఖ్యముగ పాఠ్యక్రమమును సవరించుటకును, ఉపాధ్యాయులకు క్రొత్తవిద్య గఱపుటకును, పరికరములకును, కర్మాగారములవారితో పొత్తు కుదుర్చుకొనుటకును వినియోగపడును. కళాశాల అర్జీ పెట్టుకొనవలెను. ఆ శాస్త్రము నెఱిగినవారు పరీక్షించి మంచిచెడ్డలు చెప్పుదురు. ఎన్నడును గ్రాంటు నెఱుగని కళాశాలలకు వేఱుగ నొక పంక్తి యుంచిరి. 1998లో శాన్ ఫ్రాన్సిస్కో నగర కళాశాలయందు నెలకొన్న బయో-లింక్ కేంద్రము ఈ ధనముతోనే ఇతర కళాశాలల ఉపాధ్యాయులకు సయితము తోడ్పడెను.

దప్పిగొన్నవానికి చెంబెడు నీరిచ్చుట వేఱు, ఊరికి చెఱువు త్రవ్వించుట వేఱు. చెఱువు త్రవ్వించుటను మన పెద్దలు పూర్తమనిరి. విద్యార్థివేతనము మొదటి తెగది; ఈ గ్రాంటు పూర్తమువంటిది. అయితే పూడిక తీయువారును వలయును గదా! మావా రుపాధ్యాయులు. వారి పాఠశాలలో నొక అద్దాల బీరువా కలదు. ఏనాటి గ్రాంటుతోనో కొన్న సామగ్రి యందు భద్రముగ నున్నది. పగిలినచో జవాబు చెప్పవలసివచ్చునని యెవరును తాళము తీయరు. తాళపుచెవి యెవరియొద్ద నున్నదో యదియు నిపుడు వివాదమే. కొనుటకు డబ్బిచ్చి, వాడుట నేర్పుట మఱచిన ఫలమిది. అమెరికావారు ఉపాధ్యాయుని శిక్షణమును గూడ లెక్కలో చేర్చుట నాకు మిక్కిలి నచ్చినది.

అచటను సర్వము సుస్థిరము కాదు. 2025వ సంవత్సరమున నా ఫౌండేషను వేయికి మించిన గ్రాంటులను నడుమనే రద్దు చేసెను; అందు విద్యాబోధనకు చెందినవి విస్తారము. మా పిల్ల చదువు కళాశాల గ్రాంటు మాత్రము నిలిచినదట. గడువు తీరినంతనే మరల అర్జీ పెట్టుకొనవలెను. దానిని వ్రాయుటలో తమ ఉపాధ్యాయినికి రాత్రులు తెల్లవారుచున్నవని పిల్ల మొన్న వ్రాసినది.