ఆమె పేరిటి లెక్క

ఛార్టర్డు అకౌంటెంటు కాగోరువారు ఆర్టికల్‌షిప్ చేయవలెను. 2023లో దాని కాలము మూడేండ్లనుండి రెండేండ్లకు తగ్గింపబడినది. మేము హైదరాబాదులోని యొక పెద్ద సంస్థయందు ఆదాయపు పన్ను శాఖలో ఆ శిక్షణ పొందితిమి. కూడికలు కంప్యూటరే చేయును. ఈ సొమ్మెవరిదని యడుగుటయే మేము నేర్వవలసివచ్చిన విద్య.

భర్త తన సొమ్మును భార్యకిచ్చి యామె పేర బ్యాంకులో డిపాజిటు చేయించినచో, దాని వడ్డీ భర్త యాదాయములోనే చేరును. 1961 నాటి చట్టములోని 64వ సెక్షను ఇట్లు విధించెను. 2025 నాటి నూతన చట్టమును ఈ నియమమును విడువలేదు. అయితే ఆ వడ్డీని మరల మదుపు పెట్టగా వచ్చునది ఆమెదే. ఆమె స్వార్జితమును, పుట్టింటివారిచ్చిన సొమ్ముపై వడ్డీయు ఆమెవే. చట్టమింత సూక్ష్మముగా విభజించిన లెక్కను గూర్చి యా గృహిణులకు ఫోను చేయగా, పలువురు "మావారినే అడగండి" అనిరి. రిటర్నును ధ్రువపరచు ఓటీపీ సైతము కొందరి విషయమున భర్త ఫోనుకే వచ్చుచుండెను!

స్త్రీవిద్యను మెచ్చు గృహస్థులారా, ఏటేట రిటర్ను పంపుటకు ముందు ఆ కాగితములను మీ యింటి యిల్లాలి ముందుంచి, చదివిన పిమ్మటనే యామె సమ్మతి గైకొనుడు. పన్ను తగ్గకపోవచ్చును, తన పేర నేమున్నదో యామెకు తెలియును.