మౌనానికి ఎంత బరువు?

నా పెళ్ళిచూపులనాడు నేనేమీ మాట్లాడలేదు. వాళ్ళు వెళ్ళాక మా పెద్దమ్మ "మౌనం అర్ధాంగీకారం" అంది. మిగతా సగం సంగతి ఎవరూ అడగలేదు. మర్నాడు నేనే నోరు విప్పి వద్దన్నాను కాబట్టి సరిపోయింది.

ఆ సామెత మళ్ళీ గుర్తొచ్చింది ఒక పరిశోధనా పత్రం చదువుతూంటే. సాహిత్యం చదువుకున్నదాన్ని, తర్కమూ సంభావ్యతా నాకు దూరపు చుట్టాలే. కానీ కాట్రిన్ ఎర్క్, రేమండ్ మూనీల బృందం 2013లో రాసిన ఆ పత్రం పేరే, 'మాంటేగ్ మీట్స్ మార్కోవ్', నన్ను పట్టుకుంది.

మనుషుల భాషకి కూడా తర్కసూత్రాల్లో అర్థం రాయొచ్చని 1970 ప్రాంతంలో చూపించినవాడు రిచర్డ్ మాంటేగ్. ఆ దారిలో 'ఆమె ఒప్పుకుంది', 'ఆమె ఒప్పుకోలేదు' ఎదురెదురుగా నిలబడతాయి. అయితే కారు కూడా వాహనమేనని దానికి ఎవరో ఒకరు చెప్పాలి. రెండో దారి మాటల ఇరుగుపొరుగుల్ని లెక్కపెడుతుంది. ఏ మాట ఏ మాటల పక్కన వస్తోందో గుట్టల కొద్దీ రాతల్లో చూసి, కారుకీ వాహనానికీ ఉన్న చుట్టరికాన్ని తనే పసిగడుతుంది. చిక్కల్లా, ఒప్పుకోవడమూ నిరాకరించడమూ దానికి ఒకే వీధిలో కనిపిస్తాయి. రెండూ తిరిగేది ఆ సందర్భాల్లోనే కదా!

ఆ బృందం రెంటినీ కలిపింది. వాక్యం తర్కసూత్రం అవుతుంది. మాటల దగ్గరితనం నుంచి పుట్టిన ఒక్కో నియమానికి ఒక్కో బరువు ఉంటుంది. నియమం తప్పడం అసాధ్యమేం కాదు, బరువు పెరిగినకొద్దీ సంభావ్యత తగ్గుతుంది, అంతే. పెద్దమ్మ సామెత అచ్చం అలాంటి నియమమే. అది సగమే అంటోంది. పూర్తి చేసుకున్నది హాల్లో కూర్చున్న పెద్దలు.

బరువు అంకెగా బయటికి కనిపించడం నాకు నచ్చింది. మా హాల్లో అది కనిపించలేదు. కానీ ఆ అంకె వచ్చేది లోకం రాసిన రాతల్లోంచే. గూగుల్ న్యూస్ వార్తల నుంచి నేర్చుకున్న మాటల కొలతల్లో, పురుషుడికి కంప్యూటర్ ప్రోగ్రామర్ ఎలాగో స్త్రీకి గృహిణి అలాగని తేలినట్టు 2016లో బోలుక్‌బాసీ బృందం చూపించింది. అలాంటి బరువులు తర్కం చేతికిస్తే అది వాటిని ప్రశ్నించదు, పద్ధతిగా లెక్క చేసి పెడుతుంది. ఆ పద్ధతే నాకు భయం.

ఈమధ్య పాత కథల్లో నాయిక మాట్లాడని చోటల్లా పెన్సిల్‌తో గీత పెడుతున్నాను. పక్కన అంకె వెయ్యాలంటే చెయ్యి రావడం లేదు. మొన్న ఒక కథలో పిల్ల లోపలికెళ్ళి తలుపేసుకుంది. రచయిత దాన్ని సిగ్గన్నాడు. మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టాను.