అమ్మ గోడ మీద గుమ్మడి గింజలు

ఊరు ఖాళీ చేసిన రోజు మా ఇంటి సామానంతా ట్రాక్టరులోకి ఎక్కించేశాం. మంచాలు, బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, అయ్య వాడిన విల్లు, అన్నీ ఎక్కాయి. అమ్మ మాత్రం రాలేదు. వెనక్కి వెళ్లి చూస్తే వంటింటి గోడ దగ్గర కూర్చుని, కొడవలి మొనతో పేడ ముద్దలను ఒక్కొక్కటే ఊడదీస్తోంది. ఆ ముద్దల్లో గుమ్మడి గింజలున్నాయి. మా ఇళ్లలో విత్తనాన్ని దాచే పద్ధతి అది. గింజను పేడలో కలిపి గోడకు కొడితే పురుగు పట్టదు. వానలు పడే నాటికి ముద్ద విరిచి పాతుకోవడమే.

"ట్రాక్టరోడు తొందరపెడతన్నాడే అమ్మా" అన్నాను.

"పెట్టనీరా. ఇల్లయితే ఆళ్లు కట్టిచ్చేరు. ఇయ్యి ఎవరిత్తారు?" అంది.

మాది దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. మేం కొండరెడ్లం. 2014లో పోలవరం జాతీయ ప్రాజెక్టయింది. దాని జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ అంకె మా పిల్లలకు ఎక్కాలకన్నా ముందే నోటికొచ్చింది. 2021 వేసవిలో మేం మైదానం పక్కన కట్టిన కాలనీకి వచ్చేశాం. మరుసటి ఏడు జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు మా పాత ఊరు కనపడకుండా పోయింది.

కాలనీలో కొత్త ఇల్లు. గోడలకు తెల్ల సున్నం. వచ్చిన వారానికే అమ్మ పేడ తెచ్చి గింజలు మళ్లీ గోడకు కొట్టబోయింది. నేనే వద్దన్నాను. "మాష్టారి ఇంటి గోడ ఇలా ఉంటే ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆ ముద్దలను ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టింది. రెండో ఏడు తొలకరికి తీసి చూస్తే బూజు పట్టి ఉన్నాయి. పాతినవాటిలో ఒక్కటీ మొలవలేదు. మా అమ్మమ్మ వాళ్లమ్మ నాటినుంచి చేతులు మారుతూ వచ్చిన గింజ అది. గోదావరి ముంచకుండా అమ్మ కాపాడుకొచ్చింది. సున్నం గోడ కోసం నేను పోగొట్టాను.

ఈ వ్యాసం ఆ తప్పు ఒప్పుకోవడంతోనే మొదలుపెట్టాలనిపించింది. ఎందుకంటే మన తిండి ఎలా పోతోందని అడిగితే మనం ముందు ప్రభుత్వాన్ని, షావుకారును, ప్రాజెక్టును చూపిస్తాం. అవన్నీ నిజమే. కానీ కొంత మన ఇంట్లోనే, మన సిగ్గువల్ల పోయింది.

మా పోడు ఎలా ఉండేదో చిన్నవాళ్ల కోసం చెబుతాను. ఒకే చెలకలో సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, బొబ్బర, చిక్కుడు, గుమ్మడి, ఆనప, దోస, మిరప కలిసి పెరిగేవి. చూసేవాళ్లకు అదొక పిచ్చి పొదలా ఉంటుంది. కానీ దానికొక లెక్క ఉంది. భాద్రపదంలో దోసకాయలు, ఆనపకాయలు చేతికొస్తాయి. తరువాత సామ, కొర్ర. చలి ముదిరాక జొన్న. అన్నిటికన్నా చివర కంది. గుమ్మడికాయ కోసి ఇంట్లో పెడితే నెలల తరబడి నిలవ ఉంటుంది. ఒక పంట పోయినా ఇంకొకటి దక్కుతుంది. ఒకేసారి అమ్ముకోవడానికి పనికొచ్చే పద్ధతి కాదది, ఏడాది పొడుగునా తినడానికి పెట్టుకున్న పద్ధతి.

అంత మాత్రాన ఆ రోజులు బంగారమని నేననను. ఆషాఢం, శ్రావణం మాకు ఆకలి నెలలు. పాత గింజ అయిపోయేది, కొత్తది ఇంకా పొలంలో ఉండేది. అప్పుడు అడవి పెండలం, చేదు దుంపలు తవ్వుకునేవాళ్లం. చేదు దుంపను చక్రాల్లా కోసి, ఉడికించి, పారే వాగులో బుట్టతో ముంచి ఉంచితేగాని తినలేం. మామిడి టెంకలోని జీడిని ఎండబెట్టి, దంచి, వగరు పోయేదాకా నీళ్లలో నానబెట్టి అంబలి కాచుకునేవాళ్లం. తడిసి బూజు పట్టిన టెంక పిండి తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ మన ఏజెన్సీల్లో ఉన్నారు. మరీ కరువైతే జీలుగ చెట్టు కొట్టి, లోపలి బెండును దంచి పిండి తీసేవాళ్లు. హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త మా కొండల్లో తిరిగి 1945లో కొండరెడ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. గునపు కర్రతో గింజ నాటడం, దుంపలు తవ్వుకోవడం, జీలుగ అన్నీ అందులో ఉన్నాయి. జీలుగ కల్లును బయటివాళ్లు తాగుడు కింద లెక్కకడతారు, మాకది ఎండాకాలపు కూడు. 1879లో రంప తిరుగుబాటు లేవడానికి ఒక కారణం కల్లు మీద వేసిన చిగురుపన్ను. తినే నోటి మీద పన్ను వేస్తే కొండ ఊరుకోలేదు.

ఆ తరువాత జీడిమామిడి వచ్చింది. నా చిన్నప్పుడే అయ్య పోడు చెలకలో సగం జీడిమామిడి వేశాడు. ఆ చెట్టును తిట్టడానికి నాకు నోరు రాదు. ఆ పిక్కలు అమ్మిన డబ్బుతోనే నేను బొమ్మూరు డైట్‌లో టీటీసీ చదివాను. పుస్తకాలు, బస్సు చార్జీలు, మొదటి ప్యాంటు అన్నీ జీడిపిక్కలే. కానీ చెట్లు కమ్ముకున్నాక కింద నీడ పడింది. కందిపోయింది, చిక్కుడు పోయింది. పూత మీద మంచు పడినా, అకాల వాన పడినా ఆ ఏడు అప్పే. పిక్కలు అమ్మి బియ్యం కొన్నాం, బియ్యంలోకి బంగాళాదుంప కొన్నాం. డబ్బు కళ్ళజూశాం, కంచంలో మాత్రం రంగులు తగ్గిపోయాయి.

బొమ్మూరులో చదివేటప్పుడు ఆదివారాలు రాజమండ్రి మార్కెట్టుకు వెళ్లి ఊరికే తిరిగేవాణ్ణి. రావులపాలెం నుంచి అరటి గెలలు, లంకల నుంచి వంకాయ, బెండ, దోస, కొత్తపల్లి కొబ్బరి మామిళ్లు, అంబాజీపేట కొబ్బరి కుప్పలు చూసి, ఈ డెల్టాకు ఆకలి అనేది తెలియదు గదా అనుకునేవాణ్ణి. తరువాత చదివితే తెలిసింది, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యే ముందు ఆ నేల కూడా కరువులు చూసిందని. నీళ్లు వచ్చాకే ఆ పచ్చదనం. ఇప్పుడు పోలవరం కింద 2.91 లక్షల హెక్టార్లకు కొత్తగా నీరిస్తామంటున్నారు. కిందివాళ్ల పొలం తడవడం నాకు కష్టం కాదు. ఆ నీటి అడుగున మా విత్తనాల ఇల్లు ఉందని వాళ్లకు తెలిస్తే చాలు.

ఎందుకు తెలియాలంటే, వాళ్ల తిండికీ దీనితో పనుంది. 1996 నవంబరు తుపాను కోనసీమను కొట్టినప్పుడు లక్షల కొబ్బరి చెట్లు, అరటి తోటలు నేలకూలాయి. తోట అంతా ఒకటే అయితే దెబ్బ కూడా ఒకేసారి తగులుతుంది. ప్రపంచంలోనూ ఇదే జరిగింది. ఒకప్పుడు దేశదేశాలకు ఎగుమతయ్యే అరటి గ్రో మిషెల్ అనే ఒక్క రకం. పనామా తెగులు దాన్ని తోటలకు తోటలే తుడిచేస్తే, 1950ల తరువాత కావెండిష్ రకానికి మారారు. ఇప్పుడు కావెండిష్‌నూ చంపే కొత్త తరహా తెగులు బయలుదేరి మన దేశంలోకీ వచ్చింది. రకాలు ఎక్కువున్న చోటే తట్టుకునే మొక్క దొరికే ఆశ ఉంటుంది. తుపానులో అరటి పడిపోతుంది, నేలలోని దుంప మిగులుతుంది. మా తాతలు దీన్ని ఏ కళాశాలలోనూ చదవలేదు. ఆకలి నెలల్లో నేర్చుకున్నారు.

ఇక్కడొక మంచి ఉదాహరణ ఉంది. మన కొవ్వూరు నుంచి వచ్చిన గజేంద్ర కంద. స్థానికంగా పండే కందల్లోంచే దురద పెట్టని మంచి రకాన్ని ఏరి విడుదల చేశారు. ఇవాళ దేశంలో చాలాచోట్ల అది పండుతోంది. గోదావరి గట్టు మీద కందకు జరిగిన మర్యాద కొండ మీద పెండలానికి ఎందుకు జరగకూడదు? రంపచోడవరం పక్కన పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది. పెద్దాపురంలో దుంప పంటల మీద పని జరుగుతోంది. కడియం నర్సరీలు ఏ మొక్కనైనా వేలల్లో పెంచగలవు. వీళ్లు ఒక్కసారి మా ముసలమ్మలతో కూర్చుంటే చాలు.

మా బడిలో నేనొక చిన్న పని చేశాను. నాలుగు, ఐదు తరగతుల పిల్లలను మీ అమ్మమ్మ చిన్నప్పుడు తిన్న కాయలు, ఆకులు, దుంపల పేర్లు అడిగి రాసుకు రమ్మన్నాను. మర్నాడు నోటు పుస్తకాలు నిండిపోయాయి. తరువాత, వీటిలో మీరు తిన్నవాటికి టిక్కు పెట్టండి అన్నాను. టిక్కులు నాలుగైదు దాటలేదు. ఒక పిల్ల లేచి, "సారూ, పెండలం అంటే పెండ్లిలో పెట్టేదా?" అనడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు.

ఐక్యరాజ్యసమితి 2021ని పండ్లు కూరగాయల సంవత్సరంగా, 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మనిషికి రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా కాలనీ పిల్లలకు సంత రోజు, ఆ మరునాడు తప్ప కూర సరిగా అందదు. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు ఇస్తున్నాం, ఇవ్వాల్సిందే. కానీ మునగాకు, జామకాయ, ఉసిరికాయ, బొప్పాయి పెరట్లో ఉంటే ఆ మాత్రకు తోడు దొరుకుతుంది. ఉసిరి, జామల్లోని పులుపు కంచంలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. 2024 నుంచి బడి భోజనానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వచ్చినవాళ్లకు లేదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఆ పేరున్న భోజనంలో మా కొండ గుమ్మడికాయ, మా కందిపప్పు, మా చోడి అంబలి ఉంటే, మా ఊరి ఆడవాళ్ల దగ్గరే కొంటే, పేరుకు తగినట్టుంటుంది.

పోడు పాతలా తిరిగి రాదని నాకు తెలుసు. అడవి తగ్గింది, మనం పెరిగాం. కానీ 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన చోట జీడిమామిడి వరసల మధ్య ఎడం పెంచి కంది, పసుపు, పెండలం, కంద వేసుకోవచ్చు. గట్ల మీద పనస, మునగ, సీతాఫలం నిలబెట్టవచ్చు. కాలనీల్లో ఉన్నవాళ్లకు ఇల్లుంటే చాలదు, నాలుగు పాదులకు నేల, ఒక కుళాయి కావాలి. పునరావాసం లెక్కల్లో చింతచెట్టుకు ధర కట్టారు. గోడ మీద గింజకు గడి లేదు. 2001లో వచ్చిన విత్తన రకాల చట్టం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, మన రకాన్ని మన పేరునే నమోదు చేయించుకోవచ్చు అంటోంది. చదువుకున్న మనవాళ్లు ఆ కాగితం పని చేసిపెట్టాలి. మనం మాష్టార్లమైంది అందుక్కూడా.

పోయిన ఏడు మా అమ్మ చుట్టాల పెళ్లికి మారేడుమిల్లి పైన ఒక కొండ ఊరికి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు చీర కొంగులో ముడి ఉంది. విప్పితే గుమ్మడి గింజలు. తన చిన్నప్పుడు ఆ ఇంటికి కోడలిగా వెళ్లిన అక్కకు తనే ఇచ్చిందట. అక్క పోయింది, గింజ ఆ ఇంట్లో ఉండిపోయింది. కోడలు గుర్తుపట్టి ఇచ్చింది.

ఈసారి నేనే పేడ తెచ్చాను. అమ్మ ముద్దలు చేసి వంటింటి గోడకు కొట్టింది. సగం బడికి తీసుకెళ్లి పిల్లలతో కంచె వెంట పాతించాను. కార్తీకంలో పదకొండు కాయలు కాశాయి. మూడు బడి వంటలోకి, మిగతావి పిల్లల ఇళ్లకు. ఒక్కొక్క ఇంటికీ ఒకటే షరతు, గింజలు పారేయకూడదు.

ఎర్ర చిక్కుడు మాత్రం ఇంకా దొరకలేదు. ఎవరు కొండ మీది నుంచి వచ్చినా అమ్మ అడుగుతూనే ఉంది. ఈ వ్యాసం చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా, గింజ అంచున తెల్ల గీత ఉండే ఎర్ర చిక్కుడు ఉంటే, గుప్పెడు దాచి ఉంచండి. మేం వస్తాం.